ఇంటిలోని గాలి

అన్నం లేకుండా మనిషి కొన్ని వారాలు బ్రతకగలడు. గాలి లేకుండా కొన్ని నిమిషాలకు మించి బ్రతకలేడు. నగరవాసి ఆ గాలిని ఎక్కువగా పీల్చేది వీథిలో కాదు, తన ఇంటి నాలుగు గోడల మధ్యనే. అయినా వాయుకాలుష్యం అనగానే మనకు స్ఫురించేవి పొగగొట్టాలు, లారీలు మాత్రమే.

హైదరాబాదులోని వెంగళరావు నగర్‌నే తీసుకొందాం. ఒక ప్రక్క అమీర్‌పేట, మరొక ప్రక్క యూసుఫ్‌గూడ, ఎర్రగడ్డ. నడుమ ఒకదానినొకటి ఆనుకొని లేచిన అపార్టుమెంట్లు, వసతిగృహాలు. పాత ఇంటిని పడగొట్టి కొత్తది కట్టే చోట సిమెంటు, ఇసుక, రాతికోత ధూళి ఇరుగుపొరుగు కిటికీల గుండా లోపలికి చేరుతుంది. దానికి తాలింపు పొగ, అగరువత్తుల పొగ, దోమలచుట్ట పొగ తోడవుతాయి. ఒక్క దోమలచుట్ట నుండి వెలువడే సూక్ష్మకణాలు 75 నుండి 137 సిగరెట్ల నుండి వెలువడే కణాలతో సమానమని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. సిగరెట్టు పేరెత్తని ఇంటిలో, పసిపిల్ల నిద్రించే గదిలో, రాత్రంతా జరిగే పని ఇది!

ధూళికణాలన్నీ ఒక తీరువి కావు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పెద్ద కణాలను ముక్కు, గొంతు చాలవరకు అడ్డగిస్తాయి. 2.5 మైక్రాన్లకు లోబడినవి ఊపిరితిత్తుల లోతులకు చొచ్చుకొనిపోతాయి. ఇట్టి కణాలు ఘనపు మీటరు గాలిలో దినసరి సగటున 60 మైక్రోగ్రాములను మించరాదని మన దేశం 2009లో నిర్ణయించగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆ హద్దును 15కు కుదించింది.

ఇక పరుపులలో, దిండ్లలో కంటికి కనిపించని ధూళిపురుగులు మన చర్మం నుండి రాలిన పొలుసులను తిని జీవిస్తాయి. వాటి విసర్జనలు ఉబ్బసాన్ని రెచ్చగొడతాయి. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేపమందు కోసం బారులు తీరే వేలాది జనంలో, తమ పరుపును ఎండలో వేసి దులిపినవారు ఎందరో! దుప్పట్లను, గలేబులను వారానికొకసారి 55 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడినీటిలో ఉతికితే ఆ పురుగులు చస్తాయి.

పొడిచీపురుతో ఊడ్చినపుడు బరువైన చెత్త ప్రోగవుతుంది, సన్నని ధూళి మాత్రం గాలిలోకి లేస్తుంది. కొంతసేపటికి అది మళ్ళీ నేలకు దిగుతుంది, మరునాడు మళ్ళీ లేస్తుంది. వాకిట కళ్ళాపి చల్లిన మన పెద్దలకు ఈ రహస్యం తెలియనిది కాదు.

లండనులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, ధూళిని ఊది పారద్రోలే యంత్రాన్ని చూసి, ఊదడానికి బదులు పీల్చరాదా అని ఆలోచించాడు. ఒక భోజనశాలలో కుర్చీ మీద చేతిరుమాలు పరచి నోటితో గాలి పీల్చగా, దానికి దుమ్ము అంటుకొంది. 1901లో ఆయన నిర్మించిన యంత్రాన్ని గుర్రాలు లాగేవి. వీథిలో నిలిపి, పొడవైన గొట్టాలను కిటికీల గుండా ఇంటిలోకి పంపేవారు. నేడు అది చేతిలో ఇమిడేంత చిన్నదైంది.

అయితే వాక్యూమ్ క్లీనర్ కొన్నంత మాత్రాన గాలి శుభ్రపడదు. వడపోత నాసిరకమైతే ముందు పీల్చిన సన్నని ధూళి వెనుక నుండి గదిలోకే వచ్చి పడుతుంది. హెపా వడపోత 0.3 మైక్రాన్ల కణాలలో 99.97 శాతాన్ని పట్టి ఉంచుతుంది. యంత్రాన్ని హడావిడిగా తోయక, నెమ్మదిగా, ఒకే చోట రెండు మూడు మార్లు నడపాలి. సంచి నిండేదాకా ఆగరాదు. దానిని ముక్కుకు గుడ్డ కట్టుకొని ఆరుబయట దులపాలి. ముందు ఫ్యాను రెక్కలు, అలమరల పైభాగాలు తడిగుడ్డతో తుడిచి, నేలను చివరకు ఉంచుకోవాలి. ఆ సమయంలో ఫ్యాను తిరగరాదు. ఇంత ఖర్చు పెట్టలేని ఇంటికి తడిగుడ్డ ఒక్కటే చాలా మేలు చేస్తుంది.

శుభ్రత పేరిట చేసే మరొక పని ప్రమాదకరమైనది. స్నానాలగదిలో బ్లీచింగ్ పౌడరును, యాసిడ్‌ను కలిపి చల్లితే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇరుకు గదిలో అది ఊపిరితిత్తులను తీవ్రంగా గాయపరచగలదు. ఘాటు తగిలిన వెంటనే అన్నీ వదలి బయటికి రావాలి. గాలి పూర్తిగా మారేవరకు ఎవరినీ లోపలికి పోనీయరాదు.