పిచ్చిమొక్కలని పీకి పారేయకండి!

ఆకుకూరలనగానే మనకి గుర్తొచ్చేవి ఎన్ని? తోటకూర, పాలకూర, గోంగూర, మెంతికూర, బచ్చలి. అక్కడికి ఒక చెయ్యి వేళ్ళు సరిపోతాయి. తొలకరి పడ్డాక పదిహేను రోజులాగి ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలోకి పొద్దున్నే నడకకి వెళ్ళి చూడండి. బండల పక్కన, ఖాళీ జాగాల్లో పాయలకూర, తుమ్మి, గునుగు, గలిజేరు, చెమ్మ ఉన్నచోట పొన్నగంటి. ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్ళు పోయరు.

మా ఇల్లు తార్నాకలో. మా ఇంట్లో పనిచేసే ఆవిడది పాలమూరు వైపు పల్లె. కుండీల్లో కలుపు తీస్తూ ఓ మొక్కని జాగ్రత్తగా పక్కన పెట్టింది. "ఇది పిచ్చిచెట్టు గాదమ్మా, పాయలకూర. పప్పుల ఏస్తే మస్తుగుంటది" అంది. ఆవిడ ఇరవై రకాల దాకా గుర్తుపడుతుంది. ఇంటర్ చదువుతున్న ఆవిడ కూతురికి తెలిసినవి రెండే. మన పిల్లల సంగతి ఇక చెప్పాలా? బతుకమ్మలో పేర్చే గునుగు అందరికీ తెలుసు, పువ్వు రాకముందు దాని లేతాకు వండుకుంటారని ఎందరికి తెలుసు? తుమ్మికూర మాత్రం వినాయక చవితి పుణ్యమా అని తెలంగాణ ఇళ్ళలో ఇంకా నిలిచి ఉంది.

ఈ ఆకుల్లో ఏముందో లెక్క కట్టేవాళ్ళు కూడా మన తార్నాకలోనే ఉన్నారు. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకి వచ్చింది. (ఉస్మానియా పుట్టిందీ 1918లోనే!) వాళ్ళ పాత పట్టికల ప్రకారం నూరు గ్రాముల అవిశాకులో 1130 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, ఆవుపాలలో ఉన్నది 120. 2017లో 528 రకాల ఆహారపదార్థాలతో కొత్త పట్టికలు వేశారు. అలాగని పాలు మానేయకండి. ఆకులోని కాల్షియమంతా ఒంటికి పట్టదు.

ఇనుము సంగతీ అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆకుకూర తినేటప్పుడు నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే పట్టేదీ పట్టదు. డాక్టరు రాసిన మాత్రలకి మాత్రం ఏ కూరా బదులు కాదు.

పాయలకూర పప్పు చాలా తేలిక. గ్లాసుడు కందిపప్పుకి రెండు గుప్పిళ్ళ ఆకు. కాడలకి మట్టి పట్టి ఉంటుంది కాబట్టి నాలుగైదు నీళ్ళలో కడిగి, తర్వాతే తరగండి. పప్పు ముప్పాతిక ఉడికాక ఆకు, పచ్చిమిర్చి, పసుపు వేయండి. ఆకే కాస్త పులుపు, చింతపండు సగానికి తగ్గించండి. వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు తప్పనిసరి. జొన్నరొట్టెలోకి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం, మావారు గోంగూరకే ఓటేస్తారనుకోండి!

గలిజేరు అయితే ఉడికించి ఆ నీళ్ళు వంపేయాలి. గర్భిణులు దాని జోలికి పోకపోవడమే మంచిది. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు పాయలకూర, తోటకూర లాంటివి డాక్టరుని అడిగి తినాలి. గలిజేరుకీ అటుకమామిడికీ ఊరికో పేరు, ఒకదాన్ని చూపి ఇంకోటంటారు. అందుకే తెలిసినవాళ్ళు చూపించకుండా ఏ ఆకూ కోయకండి. ఇప్పుడు ఎక్కడ పడితే అక్కడ పెరిగే వయ్యారిభామ తినేది కాదు, చేత్తో ముట్టుకుంటేనే కొందరికి దురద. మురుగుకాల్వ పక్కన, బస్సుల పొగ కొట్టే రోడ్డంచున, మందు చల్లిన చోట మొలిచింది ఎంత లేతగా ఉన్నా వద్దు. అన్నిటికన్నా సుఖం, ఒక పొన్నగంటి కాడ తెచ్చి కుండీలో గుచ్చడం. నీళ్ళు తగిలితే చాలు, అల్లుకుపోతుంది. కోసేకొద్దీ చిగురేస్తుంది.

ఎండాకాలం వస్తే చింతచిగురు. నలిపి ఈనెలు తీసేసి పప్పులో వేసుకోండి, మాంసంతోనూ బాగుంటుంది. మిగిలింది నీడన ఆరబెట్టి గాజుసీసాలో పోసుకుంటే వానాకాలంలో చారులోకి పనికొస్తుంది.