బీమా తగాదా వస్తే ఏ గడప ఎక్కాలి?

పాడి గేదె చనిపోయిందనుకోండి. బీమా కట్టే ఉన్నారు. నెల తిరిగేసరికి కంపెనీ నుండి ఉత్తరం వచ్చింది: "చనిపోయిన పశువు చెవికి పోగు లేదు గనుక సొమ్ము చెల్లించజాలము." అప్పుడు ఏం చేస్తారు? చాలామంది ఆ ఉత్తరాన్ని మడిచి పాసుపుస్తకంలో పెట్టుకొని ఏజెంటు ఇంటి చుట్టూ తిరుగుతారు. ఏజెంటు మంచివాడే అయితే "పైవాళ్ళతో మాట్లాడతాను" అంటాడు. ఆ మాట మీదనే పంట చేతికి వస్తుంది, మళ్ళీ దుక్కులూ మొదలవుతాయి.

అలా తిరగమని చెప్పినవారిలో నేనూ ఒకణ్ణి. డిప్లొమా ముగించి విస్తరణాధికారిగా చేరిన కొత్తలో మా మండలంలో ఒక రైతుకు ఇదే చిక్కు వచ్చింది. పశువుల సంగతి మా శాఖది కాదు. అయినా పల్లెలో చేత కాగితం ఉన్నవాడు ముందు మా దగ్గరికే వస్తాడు. "సారూ, ఇదేందో చూడండి" అన్నాడు. చూశాను. "ఇంకొక్కసారి ఆఫీసుకు పోయి గట్టిగా అడుగు పెద్దయ్యా, ఇస్తారు" అన్నాను. నా మాట నమ్మి ఆయన నాలుగుసార్లు పట్నం పోయాడు. ఒక్కసారి కూడా వ్రాతమూలకంగా అడగలేదు. పద్నాలుగు నెలలు గడిచాక గాని నాకు తెలియలేదు, అడగవలసిన గడప వేరే ఉన్నదనీ, దానికి గడువు ఒక్క సంవత్సరమేననీ.

కావున ఆ గడపల సంగతి చెబుతాను, వినండి.

మొదటిది బీమా అంబుడ్స్‌మన్. పేరు నోరు తిరగదు గాని మనకు అందుబాటులో ఉన్న తీర్పరి ఆయనే. ఇప్పుడు అమలులో ఉన్నవి 2017 నాటి నిబంధనలు. ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ యానాంకూ కలిపి హైదరాబాదులో ఒక్కటే కార్యాలయం. జీవిత బీమా, ఆసుపత్రి బీమా, మోటారు బీమా, పశువుల బీమా అన్నీ ఆ ఒక్క చోటికే చేరుతాయి. ఫీజు లేదు. వకీలు అక్కరలేదు, వకీలు చేత పెట్టిస్తే తీసుకోరు కూడా. పాలసీదారుడు గాని, నామినీ గాని, వారసుడు గాని స్వయంగా పెట్టుకోవాలి. 2023 నుండి 50 లక్షల రూపాయల దాకా ఇప్పించే అధికారం ఆయనకు ఉన్నది. మన గేదెకు అంత అవసరం లేదనుకోండి.

రెండు రాష్ట్రాల ఫిర్యాదులు ఒక్క బల్ల మీదికి వస్తే ఆ కార్యాలయం ఏం చేస్తుంది? మనం కళ్ళంలో గింజలను ఏం చేస్తామో అదే చేస్తుంది, ముందు జల్లెడ పడుతుంది. కంపెనీకి ముందుగా వ్రాశారా? వారు కాదన్నారా, లేక నెల రోజులు గడిచినా జవాబే ఇవ్వలేదా? ఆ తరువాత ఏడాది లోపల వచ్చారా? ఇదే తగాదా కోర్టులోనో వినియోగదారుల కమిషన్‌లోనో నడుస్తున్నదా? న్యాయం ఎవరి పక్షాన ఉన్నదన్నది ఇంకా చూడరు, ఈ ప్రశ్నలే చూస్తారు. కంపెనీకి వ్రాయకుండా నేరుగా వచ్చిన ఫిర్యాదు ఎంత న్యాయమైనదైనా జల్లెడలోంచి జారిపోతుంది. ఏడాది దాటితే ఆలస్యాన్ని మన్నించే అధికారం అంబుడ్స్‌మన్‌కు ఉన్నది గాని, కంపెనీ అభ్యంతరం కూడా అడిగి, కారణం నచ్చితేనే మన్నిస్తారు. మా పెద్దాయన కారణం వ్రాయవలసి వస్తే "ఆఫీసరు ఆగమన్నాడు" అని వ్రాయాలి. ఆ కాగితం వ్రాయించడానికి నాకు చేయి రాలేదు.

జల్లెడలో నిలిచిన ఫిర్యాదుకు కార్యాలయం నంబరు వేసి మీకు ఒక ఫారం పంపుతుంది. తగాదాను అంబుడ్స్‌మన్ తీర్చడానికి మీ సమ్మతి, కొన్ని వివరాలు అందులో నింపాలి. కంపెనీని తన వాదన వ్రాసి పంపమంటుంది. ఇరుపక్షాలూ మధ్యవర్తిత్వానికి వ్రాతపూర్వకంగా ఒప్పుకొంటే, ఒప్పుకొన్న నెలలోగా అంబుడ్స్‌మన్ సిఫారసు చేస్తారు. అది మీకు నచ్చితే పదిహేను రోజులలోగా ఒప్పుకొంటున్నట్లు వ్రాయాలి. ఆ పైన పదిహేను రోజులలోగా కంపెనీ దాన్ని అమలు చేయాలి. రాజీ కుదరకపోతే విచారణ జరిపి తీర్పు ఇస్తారు. కంపెనీ ఆ తీర్పుకు ముప్ఫై రోజులలోగా కట్టుబడాలి. మీకు నచ్చకపోతే మాత్రం వేరే గడప ఎక్కవచ్చు.

ఇక్కడొక కిటుకు ఉన్నది, జాగ్రత్తగా గమనించండి. తీర్పుకు మూడు నెలల గడువు అంటారు. ఆ మూడు నెలలు ఎప్పటినుండి? ఫిర్యాదు పెట్టిన నాటినుండి కాదు, మీరు పంపవలసిన కాగితాలన్నీ చేరిన నాటినుండి. ఒక్క సర్టిఫికెట్టు తక్కువైతే లెక్క మొదలే కాదు. "ఆఫీసులో ఫైలు కదలడం లేదు" అనే మాటలో చాలాసార్లు మన ఇంటి పెట్టెలో ఉండిపోయిన కాగితమే ఉంటుంది.

అందుచేత గేదె బీమా కాగితాలు గేదె బ్రతికి ఉండగానే కూర్చుకోవాలి. పాలసీ, చెవి పోగు నంబరు కనబడేటట్లు తీసిన ఫోటో, ప్రీమియం రశీదు ఒక సంచిలో పెట్టండి. పోగు ఊడిపోతే ఆ రోజే కంపెనీకి వ్రాసి కొత్తది వేయించండి. "రేపు చూద్దాం" అనుకున్నారా, ఆ రాత్రే పాము కరవవచ్చు. పశువు చనిపోతే వెంటనే కబురు చేయాలి. ఫోనులో చెప్పినా సరే, అదే రోజు నాలుగు వరుసలు వ్రాసి పంపండి. పశువుల డాక్టరు శవపరీక్ష చేసి సర్టిఫికెట్టు ఇచ్చేవరకు పాతిపెట్టకండి. పోగును జాగ్రత్తగా తీసి ఉంచి, కంపెనీకి ఇచ్చేటప్పుడు రశీదు తీసుకోండి. ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపి, పోస్టాఫీసు రశీదును నకలుకు గుచ్చిపెట్టండి. ఆ రశీదు మీది తారీఖే రేపు మీ సాక్షి.

రెండవ గడప శాశ్వత లోక్ అదాలత్. లోక్ అదాలత్‌లకు ఆధారం 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం. 2002లో చేసిన సవరణతో బీమా వంటి ప్రజోపయోగ సేవల తగాదాలకు ఈ శాశ్వత ఏర్పాటు వచ్చింది. కోటి రూపాయల వరకు తగాదాలు తీసుకుంటుంది, కోర్టు ఫీజు లేదు. తగాదా కోర్టుకు పోకముందే ఇక్కడికి రావాలి. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే తామే తేలుస్తారు. ఆ తీర్పు మీకూ కంపెనీకీ ఇద్దరికీ కట్టుబాటే. ఈ తేడా తెలుసుకొనే వెళ్ళండి. అంబుడ్స్‌మన్ తీర్పును మీరు కాదనవచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు.

మూడవది జిల్లా వినియోగదారుల కమిషన్. దీనికి రెండేళ్ళ గడువు ఉండడం వల్లనే మా పెద్దాయన బ్రతికిపోయాడు. 2019 చట్టం ప్రకారం, రాజీకి వీలున్నదని తోస్తే కమిషన్ ఇరుపక్షాల సమ్మతితో మధ్యవర్తి దగ్గరికి పంపుతుంది. పోగు లేదు నిజమే. కానీ పోగుతో తీసిన పాత ఫోటో, డాక్టరు సర్టిఫికెట్టు ఉన్నవి. అరవై వేల బీమాకు నలభై అయిదు వేలకు ఒప్పందం కుదిరింది. మిగిలిన పదిహేను వేలలో నా సలహా ఖరీదు ఎంతో నేను లెక్కవేసుకోలేదు, ఆయన అడగనూ లేదు.

కొన్ని పాలసీలలో "ఆర్బిట్రేషన్" అనే నిబంధన కనబడుతుంది. సాధారణంగా అది, బాధ్యత ఒప్పుకొని ఎంత సొమ్ము అన్న దగ్గరే తేడా వచ్చినప్పటి మాట. కంపెనీ అసలే కాదన్నప్పుడు అది అడ్డు రాదు. ఆ నిబంధన ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదు. నాసి విత్తనాల గూర్చి మన తెలుగు రైతులు జాతీయ విత్తన సంస్థ మీద తెచ్చిన వ్యాజ్యాలలో సుప్రీంకోర్టు 2012లో ఈ మాట చెప్పింది.

పంటల బీమా తగాదా వీటికి కొంచెం వేరు. అక్కడ ఎక్కువగా ఊరిని యూనిట్‌గా తీసుకొని, కోత ప్రయోగాల్లో వచ్చిన దిగుబడిని బట్టి నష్టం కడతారు. మీ ఒక్క మడి చూసి లెక్క కట్టరు. కావున ఆ ఫిర్యాదు ముందు వ్యవసాయ శాఖకే వ్రాయండి.

విచారణకు పిలుపు వచ్చిన రోజున, స్వయంగా వెళ్ళినా, వీడియోలో మాట్లాడినా, ఒక తెల్ల కాగితం దగ్గర ఉంచుకోండి. పశువు చనిపోయిన తారీఖు, కబురు చేసిన తారీఖు, డాక్టరు వచ్చిన తారీఖు, కంపెనీ కాదన్న తారీఖు, మీరు తిరిగి వ్రాసిన తారీఖు, ఈ అయిదూ ఒకదాని క్రింద ఒకటి వ్రాసుకోండి. ఆ రోజు మీ వెనుక ఇంకా చాలామంది వరుసలో ఉంటారు. గేదె ఎన్ని లీటర్లిచ్చేదో అడిగితేనే చెప్పండి.