అమాజిగ్ – అరబ్బీ భాషా సంపర్కం: ఉత్తరాఫ్రికాలో అస్తిత్వ పరిణామం

ప్రవేశిక

మొరాకోలో వ్యవహారంలో ఉన్న అరబ్బీని 'దారిజా' అంటారు. దారిజాలో 'నజ్జార్' అంటే వడ్రంగి. ఇది అరబ్బీ పదమే. వడ్రంగం అనే వృత్తిని చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం అక్కడివారు 'తనజ్జార్త్' అంటారు. పదానికి ముందు 'త', చివర 'త్' చేర్చి వృత్తి నామాన్ని సాధించే ఈ పద్ధతి అమాజిగ్ భాషలది. అమాజిగ్ ప్రజల భాషకు 'తమాజిగ్త్' అనే పేరు ఏర్పడింది కూడా ఈ విధంగానే. అంటే తాను అరబ్బునని భావించే మొరాకో పౌరుడు కూడా ఒక సామాన్యమైన వృత్తిని పేర్కొనేటప్పుడు అమాజిగ్ పదనిర్మాణాన్ని అనుసరిస్తున్నాడు.

మొరాకో, అల్జీరియాలలో అరబ్బులు, అమాజిగ్‌లు రెండు వేర్వేరు జాతులనీ, ఒకరు వలస వచ్చినవారు, మరొకరు స్థానికులనీ చెప్పడం పరిపాటి. భాషాసాక్ష్యం ఈ సరళమైన విభజనను సమర్థించదు. అరబ్బీ మాట్లాడేవారిలో అత్యధికుల పూర్వికులు ఒకప్పుడు అమాజిగ్ భాషలు మాట్లాడినవారే. రెండు అస్తిత్వాలూ ఒకే సుదీర్ఘ సంపర్కం నుంచి రూపుదిద్దుకున్నాయని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అరబ్బీ, అమాజిగ్ రెండూ ఆఫ్రో-ఆసియా భాషాకుటుంబానికి చెందినవి. స్త్రీలింగాన్ని సూచించే 'త'కారం రెండింటికీ మూలభాష నుంచి సంక్రమించినదే. కనుక ప్రతి పోలికనూ సంపర్క ఫలితంగా భావించరాదు. అయితే పదానికి రెండు వైపులా చేరే ప్రత్యయంతో వృత్తి నామాన్ని సాధించడం ఇతర అరబ్బీ మాండలికాల సంప్రదాయం కాదు. అందుకే దానిని సాక్ష్యంగా స్వీకరించాను.

చారిత్రక నేపథ్యం

క్రీ.శ. 7వ శతాబ్దంలో అరబ్బు సైన్యాలు ఉత్తరాఫ్రికాలో ప్రవేశించాయి. 670లో నేటి ట్యునీషియాలో కైరవాన్ నగరం స్థాపితమైంది. తొలి దశలో అరబ్బీ నగరాలకు, పాలనకు, మతవిద్యకు పరిమితమైన భాష. గ్రామీణులు ఇస్లాంను స్వీకరించినా తమ భాషను విడువలేదు. మతం మారడం, భాష మారడం ఒకే ప్రక్రియ కాదనడానికి దీనికంటే స్పష్టమైన నిదర్శనం ఉండదు. 11, 12 శతాబ్దాలలో విశాల రాజ్యాలను ఏలిన అల్మొరావిదులు, అల్మొహదులు అమాజిగ్ వంశీయులే. అల్మొహద్ ఉద్యమ స్థాపకుడు ఇబ్న్ తూమర్త్ తన ప్రజలకు మాతృభాషలోనే మతబోధ చేశాడు.

11వ శతాబ్దంలో బనూ హిలాల్ మొదలైన అరబ్బు పశుపాలక తెగలు తూర్పు నుంచి తరలివచ్చాయి. మైదానాలలో అరబ్బీ వ్యాపించడానికి ఈ వలస ముఖ్యకారణం. ఈ తెగలలో కొన్నింటిని మొరాకోలోని అట్లాంటిక్ తీర మైదానాలకు తరలించి స్థిరపరచినవారు అల్మొహద్ పాలకులు. ఆ మైదానాలు అరబ్బీమయం కావడానికి ఒక అమాజిగ్ రాజవంశమే కారణమైందన్న మాట.

భాషతోపాటు వంశచరిత్రలు కూడా మారాయి. ప్రవక్త భాషకు, ప్రవక్త వంశానికి ఉన్న గౌరవం వల్ల అరబ్బు మూలాన్ని చెప్పుకోవడం ప్రతిష్ఠాకరమైంది. సన్హాజా వంటి అమాజిగ్ సమూహాలు సైతం యెమెన్‌లోని హిమ్యర్ వంశానికి తమను ముడిపెట్టుకున్నాయి. 14వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ అమాజిగ్‌ల చరిత్రను విస్తారంగా రచిస్తూ ఇటువంటి వంశకథలను చర్చకు పెట్టాడు.

ఆదాన పదాల సాక్ష్యం

అమాజిగ్ భాషలలోని అరబ్బీ పదాలన్నీ ఒకే కాలంలో చేరినవి కావు. ప్రార్థనను సూచించే 'తజల్లిత్' పదానికి అరబ్బీ 'సలాత్' మూలం. మసీదుకు వాడే 'తిమెజ్గిదా'కు 'మస్జిద్' మూలం. ఈ తొలి ఆదానాలు అమాజిగ్ నామవిభక్తులను ధరించి, దేశ్య పదాలవలె కలిసిపోయాయి. తరువాతి కాలంలో చేరిన పదాలు అలా మారలేదు. అవి అరబ్బీ నిర్దేశక ఉపపదమైన 'అల్'లోని లకారంతో సహా వచ్చాయి. కబైలీ భాషలో పుస్తకం 'ల్‌క్తాబ్'; సత్యం, హక్కు అనే అర్థాలలో 'ల్‌హఖ్క్'. వీటికి బహువచనం కూడా తరచుగా అరబ్బీ పద్ధతిలోనే ఏర్పడుతుంది. ఒకే భాషలో రెండు నామవ్యవస్థలు పక్కపక్కనే పనిచేసే ఈ స్థితిని డచ్ భాషావేత్త మార్టెన్ కొస్మన్ 2013లో వెలువరించిన గ్రంథంలో సవివరంగా నిరూపించారు.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక పోలిక ఉపకరిస్తుంది. మన 'హక్కు' కూడా ఆ అరబ్బీ పదమే. కాని అది పారశీక, ఉర్దూ భాషల మీదుగా వచ్చింది; లకారం దాని వెంట రాలేదు. అమాజిగ్‌లోని లకారం అరబ్బీ మాట్లాడేవారితో నేరుగా సాగిన నిత్య సంభాషణకు, విస్తృతమైన ద్విభాషితకు గుర్తు.

సంఖ్యావాచకాలు మరింత ఆసక్తికరం. దక్షిణ మొరాకోలోని తషెల్హీత్ భాషలో దేశ్య సంఖ్యలు నిలిచి ఉన్నాయి: యాన్, సిన్, క్రాద్. అల్జీరియాలోని కబైలీ వ్యవహారంలో ఒకటి, రెండు మాత్రమే దేశ్యాలు. మూడు నుంచి అరబ్బీ. ఉత్తర మొరాకోలోని రీఫ్ భాషలో 'ఒకటి' ఒక్కటే మిగిలింది. సంతలలోని లావాదేవీలు అరబ్బీలో జరగడం ఇందుకు కారణం కావచ్చు. సంఖ్యలు అరువు తెచ్చుకున్న ఈ ప్రజలు అరబ్బులు కాలేదన్నది గమనార్హం. అస్తిత్వ చైతన్యం ఎంతో బలంగా వ్యక్తమైన ప్రాంతాలలో కబైలీ, రీఫ్ ముందువరుసలో ఉన్నాయి. అరువు పదాల పరిమాణాన్ని బట్టి అస్తిత్వ క్షీణతను కొలిచే అలవాటు ఇక్కడ చెల్లదు.

ఎదురు దిశలోనూ పదాలు ప్రయాణించాయి. దారిజాలో తాబేలుకు 'ఫెక్రూన్', తాళంచెవికి 'సారూత్' అమాజిగ్ నుంచి వచ్చినవే. హ్రస్వాచ్చులు లోపించి హల్లులు గుమిగూడే దారిజా ఉచ్చారణకూ అమాజిగ్ ప్రభావమే కారణమని పలువురు భావిస్తారు గాని, ఆ విషయంలో ఏకాభిప్రాయం లేదు.

రాజ్యం, చట్టం, అస్తిత్వం

ఇరవయ్యో శతాబ్దం వరకు ఈ ప్రజలు తమను కబైలీలుగా, రీఫీలుగా, ఫలానా తెగవారుగా చెప్పుకున్నదే ఎక్కువ. 'బర్బర్' అన్నది పరులు పెట్టిన పేరు; గ్రీకులు తమకు అర్థంకాని భాషలవారికి వాడిన మాటతో దానికి సంబంధం ఉంది. ఉత్తరాఫ్రికా అంతటికీ వర్తించే 'అమాజిగ్' అస్తిత్వం ఆధునిక రాజకీయాల నుంచి రూపొందింది.

ఫ్రెంచి వలసపాలకులు అరబ్బు–బర్బర్ భేదాన్ని పాలనాసాధనంగా మలచుకున్నారు. మొరాకోలో 1930 మే 16 నాటి 'బర్బర్ దహీర్' శాసనం అమాజిగ్ తెగలను ఆచార న్యాయస్థానాల పరిధిలో ఉంచింది. దీనిపై చెలరేగిన నిరసన మొరాకో జాతీయోద్యమానికి ఊపిరి పోసింది. దాని దుష్ఫలితం కూడా దీర్ఘకాలం నిలిచింది: అమాజిగ్ భాషను గురించి మాట్లాడడమంటే విభజనవాదాన్ని సమర్థించడమేనన్న అనుమానం స్వాతంత్ర్యానంతర పాలకులలో స్థిరపడింది.

1962లో స్వతంత్రమైన అల్జీరియా విద్యను, పాలనను అరబ్బీకరించింది. అది ప్రామాణిక అరబ్బీ, ఎవరికీ ఇంటిభాష కాదు. కనుక ఆ విధానం అమాజిగ్‌తోపాటు అల్జీరియా ప్రజల వ్యవహార అరబ్బీని కూడా అగౌరవపరచిందని నా అభిప్రాయం. 1980 మార్చిలో ప్రాచీన కబైలీ కవిత్వంపై రచయిత మౌలూద్ మమ్మెరి తీజీ ఊజూలో చేయవలసిన ప్రసంగాన్ని అధికారులు నిషేధించారు. ఫలితంగా చెలరేగిన ఆందోళన 'బర్బర్ వసంతం'గా ప్రసిద్ధమైంది. 1996లో అల్జీరియా రాజ్యాంగ పీఠిక ఇస్లాం, అరబ్బుతనంతోపాటు అమాజిగ్‌తనాన్ని కూడా జాతీయ అస్తిత్వంలో భాగంగా పేర్కొంది. 2002లో తమాజిగ్త్ జాతీయభాష, 2016లో అధికారభాష అయింది. మొరాకోలో 2001లో రాచరిక అమాజిగ్ సంస్కృతి సంస్థ ఏర్పాటైంది. 2003లో తిఫినాగ్ లిపి ఆమోదం పొంది, పాఠశాలల్లో బోధన ఆరంభమైంది. 2011 రాజ్యాంగం దానికి అధికారభాషా ప్రతిపత్తి ఇచ్చింది.

హోదా పెరిగిన ఈ కాలంలోనే వక్తల నిష్పత్తి తగ్గింది. మొరాకో జనగణన ప్రకారం 2004లో సుమారు 28 శాతం, 2024లో 24.8 శాతం అమాజిగ్ మాట్లాడుతున్నారు. ఈ లెక్కలను ఉద్యమకారులు అంగీకరించరు. వారి ఆక్షేపణలో ఒక సైద్ధాంతిక ప్రశ్న ఉంది: భాష కోల్పోయిన కుటుంబాన్ని ఏ పేరుతో లెక్కించాలి? పర్వతగ్రామం నుంచి కాసాబ్లాంకాకు వలస వెళ్లిన కుటుంబంలో మూడో తరానికి దారిజాయే మాతృభాష. జనగణన వారిని భాషతో గుర్తిస్తుంది. వారిలో కొందరు తమను అమాజిగ్‌లుగానే చెప్పుకుంటారు. ఒకప్పుడు అరబ్బీ నేర్చినవారు అరబ్బు వంశాన్ని చెప్పుకున్నారు. నేడు అరబ్బీ మాత్రమే వచ్చినవారు అమాజిగ్ మూలాన్ని చెప్పుకుంటున్నారు.

భాషాశుద్ధి ప్రయత్నాలు ఈ సంక్లిష్టతను పెంచాయి. అరబ్బీ 'సలాం'కు బదులుగా 'అజూల్', ఇతర ఆదానాలకు బదులుగా కొత్తగా కల్పించిన పదాలు విద్యావంతులలో వ్యాపించాయి. మొరాకో పాఠ్యపుస్తకాల ప్రామాణిక భాష యాన్, సిన్, క్రాద్ అని లెక్క నేర్పుతుంది. రీఫ్ ప్రాంతపు బాలుడు ఇంట్లో విన్నది మాత్రం ఇజ్జెన్, ఆపైన అరబ్బీ సంఖ్యలు. తన తాతముత్తాతల భాషగా బడి చెబుతున్న 'సిన్' అతనికి కొత్తమాట; అరబ్బీ నుంచి వచ్చిన 'త్నాయెన్' ఇంటిమాట.