బరువు వేరు, బర్కత్ వేరు

2023 అక్టోబరులో అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగిన పోటీలో ఒక గుమ్మడికాయ దాదాపు 1,247 కిలోలు తూగింది. అంటే పన్నెండు క్వింటాళ్ల పైమాటే. ఇలాంటి కాయ ఫొటో పత్రికలో చూడగానే మన ఇళ్లలో రెండు మాటలు వినబడతాయి. ‘ఇది జన్యువులు మార్చి పండించిందే’ అంటారొకరు. ‘అల్లాహ్ సృష్టిని మార్చడం షైతాను పని కదా’ అంటారు మరొకరు. తెలియకుండా హలాల్ అనడం ఎంత తొందరపాటో, తెలియకుండా హరామ్ అనడమూ అంతే తొందరపాటు. కనుక ఈ రెండు మాటలనూ విడివిడిగా పరిశీలిద్దాం.

మొదటి మాట వాస్తవం కాదు. కెనడాలోని నోవా స్కోషియాకు చెందిన హోవర్డ్ డిల్ అనే రైతు ఏళ్ల తరబడి మేలైన కాయల విత్తనాలను ఏరి నాటుతూ ‘అట్లాంటిక్ జెయింట్’ అనే రకాన్ని రూపొందించాడు. 1981లో ఆయన పండించిన కాయ సుమారు 224 కిలోలు తూగి ప్రపంచ రికార్డు సాధించింది. తర్వాత రికార్డులకెక్కిన భారీ కాయలు ఆ వంశంలోనివే. పెంపకందారు ఆడపువ్వు విచ్చుకోకముందే సాయంత్రం దాన్ని మూసి కడతాడు. తెల్లవారాక తాను ఎంచుకున్న తీగ నుంచి మగపువ్వు తెచ్చి చేత్తో పుప్పొడి రుద్దుతాడు. తీగకు ఒక్క కాయ ఉంచి మిగతావి తుంచేస్తాడు. మంచి అదనులో ఆ కాయ రోజుకు 20 కిలోల వరకూ పెరుగుతుంది. ఏ విత్తనానికి తల్లి ఏది, తండ్రి ఏది అన్నది హదీసు పండితులు సనద్ రాసుకున్నంత శ్రద్ధగా రాసుకుంటారు.

జెనెటిక్ ఇంజనీరింగ్ దీనికి భిన్నమైనది. ఒక జీవిలోని జన్యువును ప్రయోగశాలలో తీసి మరో జీవిలో చేర్చడం అందులో ప్రధానమైన పని. నేలలో ఉండే ఒక సూక్ష్మజీవి జన్యువును పత్తిలో చేర్చగా వచ్చినదే బీటీ పత్తి. మన దేశంలో దానికి 2002లో అనుమతి లభించింది. గుమ్మడి కుటుంబంలోనూ ఈ పని జరిగింది. 1994లో అమెరికా ప్రభుత్వం అనుమతించిన ఒక స్క్వాష్ రకం అలాంటిదే. అయితే దాని ఉద్దేశం వైరస్ తెగులును తట్టుకోవడం. కాయ సైజుతో దానికి సంబంధం లేదు.

ఇక రెండో మాట. మదీనా రైతులు ఖర్జూరపు మగచెట్టు పుప్పొడిని ఆడచెట్టుకు చేర్చేవారు. దాని వల్ల ప్రయోజనం ఉంటుందని తాను అనుకోవడం లేదని దైవప్రవక్త (స) అనగా వారు మానేశారు. దిగుబడి తగ్గింది. అప్పుడాయన ప్రాపంచిక వ్యవహారాలు మీకే బాగా తెలుసునని సెలవిచ్చారని సహీహ్ ముస్లింలో ఉంది. గుమ్మడి పెంపకందారు చేస్తున్నదీ ఇదే పని.

జన్యు మార్పిడి విషయంలో 1998లో మక్కాలో సమావేశమైన రాబితా ఫిఖహ్ అకాడమీ తీర్మానం చేసింది. వ్యవసాయంలో, పశుపోషణలో ఈ విద్యను వాడుకోవచ్చు. అయితే మనుషులకు, జంతువులకు, పరిసరాలకు దీర్ఘకాలంలో కూడా హాని కలగకుండా జాగ్రత్త వహించాలి. ఆహారంలో ఏముందో కంపెనీలు వెల్లడించాలని కూడా ఆ తీర్మానం కోరింది. మన దేశంలో 2010 ఫిబ్రవరిలో కేంద్రం బీటీ వంకాయను నిలిపివేయడానికి కూడా భద్రత గురించిన సందేహాలే ముఖ్య కారణం.

వెల్లడించాలన్న షరతు చిన్నదేమీ కాదు. కలుపుమందును తట్టుకునే పత్తి విత్తనాలను అనుమతి లేకుండా తెలంగాణ, ఆంధ్ర జిల్లాల్లో చాటుగా అమ్మిన సంగతి 2017లో బయటపడింది. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా, లోపల తడిగా ఉంది. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. విత్తనంలో ఏముందో దాచి అమ్మినవాడికి ఆ హెచ్చరిక వర్తించదా?

పెద్ద గుమ్మడి విషయంలో మనం అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. ఆ కాయలో అధికభాగం నీరే, రుచి అంతంతమాత్రం. అది ప్రదర్శనకు పనికొస్తుంది గాని వంటింటికి పెద్దగా పనికిరాదు. తినడానికి కాని కాయ కోసం అంత నీరు, ఎరువు, శ్రమ ధారపోయడం సృష్టిని మార్చడమైతే కాదు. కానీ అది ఇస్రాఫ్ అవునా కాదా? ఎవరి ఆర్భాటాన్ని వారే తూచుకోవాలి. మన పెళ్లి విందుల్లో పారబోసే దేగ్‌లకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది.

ఒక దర్జీ ఇచ్చిన విందులో దైవప్రవక్త (స) పళ్లెంలోని కద్దూ ముక్కలను వెతికి వెతికి తినడం చూసి, ఆనాటి నుంచి తనకూ అది ఇష్టమైపోయిందని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. గుమ్మడి అమెరికా ఖండం నుంచి తర్వాతి కాలంలో వచ్చిన పంట గనుక, ఆ కద్దూ మన సొరకాయే. రికార్డుల్లోకి ఎక్కే కాయ కాదది. పేదవాని పులుసులో ఉడికిన నాలుగు ముక్కలు మాత్రమే. బర్కత్ అందులో ఉంది.