చూచే హక్కు, మార్చే హక్కు

ఆదివారం ఉదయం. స్వదేశంలో అప్పటికి రాత్రి భోజనాల వేళ అవుతూ ఉంటుంది. పిల్లలను కంప్యూటరు ఎదుట కూర్చోబెట్టి అమ్మమ్మగారితో మాట్లాడించబోతే, ఆమె మనకు కనబడుతుంది గాని, ఆమెకు మనం కనబడము. "కెమేరాను వేరొక అప్లికేషను వాడుకుంటున్నది" అన్న ఒక్క వాక్యం మాత్రం తెరపై ప్రత్యక్షమవుతుంది. తీరా వెతికితే, శుక్రవారం నాటి ఆఫీసు మీటింగు తాలూకు ప్రోగ్రాము ఇంకా ఏ మూలనో తెరిచే ఉండి, కెమేరాను విడవకుండా పట్టుకొని కూర్చున్నదని తెలుస్తుంది. దేశాంతరంలో ఉన్న మన కుటుంబాలలో ఈ అనుభవం లేనివారు అరుదు.

అదే కంప్యూటరులో పాట వినిపిస్తూ ఉండగానే ఉత్తరం వచ్చినట్లు గంట కూడా మ్రోగుతుంది. స్పీకరును రెండు ప్రోగ్రాములు ఒకేసారి వాడుకుంటున్నవన్న మాట. ప్రింటరుకు ఇంటిల్లిపాదీ కాగితాలు పంపితే అది ఎవరినీ కాదనదు, వరుసలో ఒక్కొక్కటిగా అచ్చు వేస్తుంది. కెమేరా మాత్రం పొమ్మంటుంది. ఒక యంత్రాన్ని పలువురు కోరినప్పుడు ఏమి చేయాలన్న ఒకే ప్రశ్నకు ఇవి మూడు వేర్వేరు సమాధానాలు.

వృత్తిరీత్యా నేను రసాయన శాస్త్రజ్ఞుణ్ణి. కంప్యూటరు శాస్త్రం నా రంగం కాదు. కాని ఈ ప్రశ్నను నిర్లక్ష్యం చేసినందుకు ఒక రాత్రి నేను పెద్ద మూల్యమే చెల్లించాను. ఆ పిమ్మట శ్రద్ధగా చదివి తెలుసుకున్నదానిని పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక రాత్రి జరిగిన నష్టం

పటికబెల్లం తయారీని చూచినవారికి స్ఫటికీకరణం అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. వేడి పాకం మెల్లగా చల్లారితే పెద్ద, స్వచ్ఛమైన పలుకులు ఏర్పడతాయి. తొందరపడితే మలినాలు కలిసిన పొడి మిగులుతుంది. కొన్నేళ్ళ క్రితం మూడు నెలల శ్రమతో సిద్ధం చేసిన ఒక పదార్థాన్ని ఈ విధంగానే శుద్ధి చేయవలసి వచ్చింది. మొత్తం ఉన్నది నాలుగు గ్రాములు. ఎక్కువ వేడి తగిలితే అది విచ్ఛిన్నమైపోతుంది. ద్రావణాన్ని రాత్రంతా, గంటకు కొన్ని డిగ్రీల చొప్పున చల్లార్చాలి.

ఆ పనికి నేను ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసుకున్నాను. పాత్ర ప్రక్కనున్న ఉష్ణ నియంత్రకాన్ని సీరియల్ కేబులు ద్వారా అది పది సెకండ్లకొకసారి "ఇప్పుడు ఉష్ణోగ్రత ఎంత?" అని అడుగుతుంది, వచ్చిన అంకెను బట్టి హీటరును హెచ్చిస్తుంది, తగ్గిస్తుంది. సమాధానం అర్థం కాకపోతే, అంతకుముందు ఇచ్చిన ఆజ్ఞనే కొనసాగిస్తుంది. ఈ చివరి నియమం కూడా నేను పెట్టినదే.

నాతో పనిచేసే మిత్రుడొకరు ఆ రాత్రి ఇంటి నుండి, ప్రయోగం ఎలా సాగుతున్నదో చూడాలన్న సదుద్దేశంతో, అదే కంప్యూటరులో గ్రాఫు గీసే మరొక ప్రోగ్రామును నడిపారు. అది కూడా అదే కేబులు మీద అదే ప్రశ్న అడుగుతుంది. అంతకుమించి ఏమీ చేయదు. "నేను ఊరికే చూశానండీ, దేనినీ ముట్టుకోలేదు" అన్నారాయన మర్నాడు. అది అక్షరాలా నిజం.

అయితే సీరియల్ పోర్టు పుస్తకం వంటిది కాదు, పంపు వంటిది. అక్షరాలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. ఒక ప్రోగ్రాము పట్టుకున్న అక్షరం రెండవదానికి ఇక దొరకదు. నియంత్రకం "62.4" అని పలికితే మొదటి "6" ఆయన ప్రోగ్రాముకు పోయి, నా ప్రోగ్రాముకు "2.4" మాత్రమే మిగిలింది. పాత్ర గడ్డకట్టిపోతున్నదని భ్రమించి, అది హీటరును పూర్తిగా తెరిచింది. తరువాత వచ్చినవి అర్థం కాని ముక్కలు. కనుక ఆ ఆజ్ఞే కొనసాగింది. ఉదయం వెళ్ళి చూస్తే, తెల్లని పలుకులు ఉండవలసిన చోట గోధుమరంగు జిగురు అడుగంటి ఉన్నది.

ఆయన తప్పు లేదు. నా ప్రోగ్రాము పోర్టును తెరిచిందే గాని, "నేను ఉన్నంతవరకు మరెవరూ రావద్దు" అని చెప్పలేదు. చెప్పవలసినది ఒకే ఒక్క పంక్తి.

రైలు టోకెను చెప్పే పాఠం

ఒంటి లైను మీద ఉన్న చిన్న స్టేషన్లలో పెరిగినవారికి ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. బండి ఆగకుండా పోతూ ఉండగా, పాయింట్స్‌మన్ పెద్ద బెత్తపు వలయాన్ని ఎత్తి పట్టుకొంటే ఇంజనులోని మనిషి చేయి చాచి అందుకొనేవాడు. ఆ వలయానికున్న సంచిలో ఒక ఉక్కు గోళం ఉండేది. దానినే టోకెను అంటారు. అది చేతిలో ఉంటేనే ముందున్న స్టేషను వరకు పోవడానికి అధికారం. రెండు స్టేషన్లలోని టోకెను యంత్రాలు విద్యుత్తీగలతో ముడిపడి ఉంటాయి. ఒక గోళం బయటికి వచ్చిన తరువాత, అది మరల ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండింటిలో దేని నుండీ ఇంకొక గోళం రాదు. కనుక ఎదురెదురుగా రెండు బండ్లు ఆ ముక్కలోనికి ప్రవేశించే ప్రసక్తే లేదు.

కంప్యూటరు శాస్త్రజ్ఞులు కూడా ఈ భావానికి రైలు మార్గం నుండే పేరు తెచ్చుకున్నారు. హాలెండు దేశస్థుడైన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1960ల తొలి సంవత్సరాలలో ప్రతిపాదించిన సాధనం పేరు సెమాఫోరు, అంటే రైలు సిగ్నలు చేయి. దానిపై చేయదగిన పనులు రెండే: వేచి ఉండి ప్రవేశించడం, పని ముగించి విడుదల చేయడం. ఒకరు లోపల ఉండగా మరొకరికి ప్రవేశం లేకపోవడాన్ని పరస్పర వర్జనం అనవచ్చును.

ఆపరేటింగ్ సిస్టములు ఈ సూత్రాన్ని ఒకే తీరున పాటించవు. విండోస్‌లో సీరియల్ పోర్టును తెరిచినవారికి అది ఏకభుక్తం. రెండవవారు తెరవబోతే అనుమతి దొరకదు. యూనిక్స్ కుటుంబానికి చెందిన సిస్టములు ఉదారమైనవి. అడిగినవారికల్లా తెరుస్తాయి, ఏకాధికారం కావాలంటే ప్రత్యేకంగా కోరాలి. పూర్వం నుండీ అక్కడ తాళపు ఫైలు అనే మర్యాద కూడా ఉన్నది. పోర్టును వాడే ప్రోగ్రాము ఒక నిర్ణీత స్థలంలో చిన్న ఫైలు సృష్టించి, అందులో తన సంఖ్యను వ్రాస్తుంది. ఆ ఫైలు కనబడితే ఇతరులు తప్పుకుంటారు. అయితే అది తలుపుకు వేసిన తాళం కాదు, గుమ్మానికి కట్టిన తోరణం వంటిది. చూచి గౌరవించేవారికే అది అడ్డు. ఆ రాత్రి మేమిద్దరమూ ఆ తోరణం కట్టనూ లేదు, కట్టి ఉన్నదేమోనని చూడనూ లేదు.

చదివేవారు, వ్రాసేవారు

అన్నిటినీ ఏకభుక్తం చేస్తే సమస్య తీరుతుందా? తీరుతుంది గాని, అవసరం లేనివారు కూడా వరుసలో నిలబడవలసి వస్తుంది. పఠన మందిరంలోని నోటీసు బోర్డును పదిమంది ఒకేసారి చదవవచ్చు. ఎవరికీ నష్టం లేదు. దానిని తుడిచి కొత్తది వ్రాసేటప్పుడు మాత్రం వ్రాసేవాడొక్కడే ఉండాలి. లేకపోతే సగం పాతది, సగం కొత్తది చదివి అపార్థం చేసుకుంటారు. ఈ విషయాన్ని 1971లో కోర్ట్వా, హేమన్స్, పార్నాస్ అనే ముగ్గురు "చదివేవారు, వ్రాసేవారు" అన్న సమస్యగా ప్రతిపాదించి, రెండు పరిష్కారాలు చూపారు. చదివేవారికే ప్రాధాన్యమిస్తే, వారు ఎడతెగకుండా వస్తున్నంత కాలం వ్రాసేవాడు గుమ్మం దగ్గరే నిలబడిపోవచ్చు. వ్రాసేవారికే ప్రాధాన్యమిస్తే చదివేవారికి అదే గతి పట్టవచ్చు. ఎవరికి ఎక్కువ నష్టమో ఆలోచించి, ఆ పనికి తగిన న్యాయాన్ని ఎంచుకోవాలి.

చూచే హక్కు వేరు, మార్చే హక్కు వేరు అన్నది ఇందులోని సారాంశం. మొదటిది పదిమందికి పంచదగినది. రెండవది ఒకరికే చెందదగినది.

కాని యంత్రాల విషయంలో ఇక్కడ ఒక మెలిక ఉన్నది. నోటీసు బోర్డును ఎంత చూచినా అందులోని అక్షరాలు తరగవు. సీరియల్ పోర్టు నుండి చదివిన అక్షరం తరిగిపోతుంది. ప్రశ్న అడగడం కూడా ఆ తీగపై ఒక ఆజ్ఞ పంపడమే. అంటే యంత్రాన్ని నేరుగా చూడడం కూడా ఒక చర్యే. మా మిత్రుడు ముట్టుకోకుండా చూశాననుకున్నారు; ఆ తీగ విషయంలో అటువంటి చూపు లేదు.

మధ్యవర్తి

మరి పంచుకోవడం ఎలా? యంత్రాన్ని ఒక్కరికే అప్పగించి, మిగిలినవారందరూ ఆ ఒక్కరి ద్వారా నడుచుకోవడమే మార్గం. ప్రింటరు విషయంలో జరుగుతున్నది ఇదే. మనం పంపే కాగితాలు ప్రింటరుకు నేరుగా పోవు; స్పూలరు అనే గుమాస్తా అన్నిటినీ పుచ్చుకొని, వరుసలో పెట్టి, తానొక్కటే ప్రింటరుతో మాట్లాడుతుంది.

ధ్వని విషయంలో మధ్యవర్తి పని మరికొంత సూక్ష్మమైనది. 2007లో విడుదలైన విండోస్ విస్టా నుండి ఆ సిస్టములో రెండు పద్ధతులు ఉన్నాయి. ఉమ్మడి పద్ధతిలో ప్రోగ్రాములన్నీ తమ ధ్వనిని మధ్యవర్తికి ఇస్తాయి; అది అన్నిటినీ ఒకే వేగానికి తెచ్చి, కలిపి, స్పీకరుకు పంపుతుంది. ప్రత్యేక పద్ధతిలో ఒక ప్రోగ్రాము మధ్యవర్తిని దాటి నేరుగా యంత్రంతో మాట్లాడుతుంది. అంతసేపూ మిగిలిన ప్రోగ్రాములకు నోరు లేవదు. సంగీతం రికార్డు చేసేవారు క్షణకాలపు ఆలస్యాన్ని కూడా సహించలేరు కనుక దీనిని కోరుతారు.

కెమేరాకు ఇటువంటి మధ్యవర్తి విండోస్‌లో 2016లో వచ్చింది. ప్రోగ్రాము వ్రాసేవారు ఇప్పుడు రెండింటిలో ఒకటి కోరవచ్చును: పూర్తి అధికారం, లేదా చూచే అనుమతి మాత్రం. రెండవది కోరినవారికి బొమ్మలు అందుతాయి గాని, కెమేరా అమరికలను మార్చే వీలుండదు. ఆదివారం నాడు మనకు ఎదురయ్యే చిక్కు, ఈ ఏర్పాటు లేని కంప్యూటర్లలోను, చూస్తే సరిపోయేదానికి పూర్తి అధికారాన్ని కోరే ప్రోగ్రాముల వలనను కలిగేది.

తిరిగి ఇచ్చే బాధ్యత

టోకెను పుచ్చుకోవడం ఎంత ముఖ్యమో, తిరిగి ఇవ్వడమూ అంతే ముఖ్యం. ప్రోగ్రాము హఠాత్తుగా ఆగిపోతే, అది తెరిచిన పోర్టును సిస్టము తానే మూసివేస్తుంది. తాళపు ఫైలు మాత్రం దిక్కులేక మిగిలిపోతుంది. అందుకే అందులో యజమాని సంఖ్య వ్రాయడం. ఆ సంఖ్య గల ప్రోగ్రాము బ్రతికి లేదని తేలితే, తరువాతివారు ఫైలును తొలగించి లోపలికి రావచ్చు.

ఇద్దరు రెండు యంత్రాలను కోరినప్పుడు మరొక ప్రమాదం ఉన్నది. ఒకరు స్కానరును పట్టుకొని ప్రింటరు కోసం, ఇంకొకరు ప్రింటరును పట్టుకొని స్కానరు కోసం ఎదురుచూస్తే, ఇద్దరూ కల్పాంతం దాకా అలాగే ఉంటారు. దీనిని ప్రతిష్టంభన అనవచ్చును. యంత్రాలకు వరుస సంఖ్యలిచ్చి, అందరూ చిన్న సంఖ్య నుండి పెద్ద సంఖ్యకే పోవాలని నియమం పెడితే ఈ చిక్కు పుట్టనే పుట్టదు.

టోకెను చిన్నవాడి చేతిలో ఉండిపోతే ఏమవుతుందో 1997లో అంగారక గ్రహం మీద తెలిసింది. జూలై 4న అక్కడ దిగిన నాసావారి పాత్‌ఫైండర్‌లోని కంప్యూటరు, కొద్ది రోజులకు, తనంత తానే మళ్ళీ మళ్ళీ మొదటి నుండి ప్రారంభం కాసాగింది. అలా జరిగినప్పుడల్లా ఆనాటి మిగిలిన పని మరునాటికి వాయిదా పడేది. కారణాన్ని మన ఆఫీసు భాషలో ఇలా చెప్పవచ్చు. పెద్ద అధికారికి కావలసిన బీరువా తాళంచెవి ఒక చిన్న గుమాస్తా దగ్గర ఉన్నది. గుమాస్తాను మధ్యస్థాయి అధికారులు ఇతర పనులతో కదలనివ్వడం లేదు. పెద్ద అధికారి వేచి ఉన్నాడు. ఆయన సకాలంలో పని ముగించలేదని గమనించిన కాపలా గడియారం, ఆఫీసునే మూసి మళ్ళీ తెరిచింది. ఆ నౌకలో గుమాస్తా వాతావరణ సమాచారం సేకరించే పని. తాళంచెవి సమాచారం మార్చుకొనే ఉమ్మడి స్థలానిది.

ఇటువంటి చిక్కుకు విరుగుడును షా, రాజ్‌కుమార్, లెహోస్కీ అనే పరిశోధకులు 1990లోనే ప్రచురించిన వ్యాసంలో వివరించారు: తాళంచెవి చేతిలో ఉన్నంతసేపు గుమాస్తాకు, దానికోసం వేచి ఉన్న అధికారి హోదానే ఇవ్వాలి. ఆ సదుపాయం నౌకలోని సిస్టములో ఉన్నది గాని, ఆ తాళానికి దానిని అమర్చలేదు. భూమి మీది నమూనాపై లోపాన్ని పునరావృతం చేసి చూచి, ఇంజనీర్లు ఇక్కడి నుండే సవరణ పంపారు. జబ్బు నయమైంది.

ముగింపు

నా నాలుగు గ్రాములు తిరిగి రాలేదు. ఆ పదార్థాన్ని మొదటి మెట్టు నుండి మరల తయారు చేశాను. ఈసారి ముందుగా మరొక చిన్న ప్రోగ్రాము వ్రాశాను. నియంత్రకంతో మాట్లాడే అధికారం దానికొక్కదానికే. అది ఉష్ణోగ్రతను అడిగి తెలుసుకొని ప్రకటిస్తుంది. ఆ ప్రకటనను ఎందరైనా చూడవచ్చు. మార్చదలచినవారు టోకెను పుచ్చుకోవాలి. పుచ్చుకున్నవారి నుండి ఒక నిమిషం పాటు ఉలుకూ పలుకూ లేకపోతే టోకెను రద్దయి, హీటరు ఆగిపోతుంది. అర్థం కాని సమాధానం వస్తే పాత ఆజ్ఞను కొనసాగించే నియమాన్ని కొట్టివేశాను.

రెండవసారి పలుకులు చక్కగా వచ్చాయి. ఆ రాత్రి కూడా మా మిత్రుడు ఇంటి నుండి గ్రాఫు చూస్తూనే ఉన్నారు. ఆయనను చూడవద్దని నేను అనలేదు. అనవలసిన అవసరమూ ఇక రాలేదు.

ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకుంటున్న మన పిల్లలకు చెప్పవలసినదీ ఇంతే. ఒక యంత్రాన్ని తెరిచే పంక్తి వ్రాసేటప్పుడే మూడు ప్రశ్నలు వేసుకోవాలి: నాకు కావలసినది చూచే హక్కా, మార్చే హక్కా? నేను ఉండగా ఇంకెవరు రావచ్చు? నేను హఠాత్తుగా పోతే దీనిని ఎవరు విడిపిస్తారు? ఈ మూడింటికీ సమాధానం వ్రాసిన తరువాతనే నాలుగవ పంక్తికి పోవాలి.