పిడుదులకు మిర్చి మందు కొట్టొద్దు

పెదకాకాని, నంబూరు, వెనిగండ్ల వైపు చాలామంది రైతుల ఇళ్లలో సావిడి మూలన పత్తికో, మిరపకో కొట్టగా మిగిలిన మందు డబ్బా ఒకటి ఉంటుంది. ఆ పక్కనే కట్టేసిన గేదె చెవుల్లో, తోక కుదుట్లో, పొదుగు సందుల్లో పిడుదులు గుత్తులుగా పట్టి ఉంటాయి. వీటినే కొందరు గోమార్లంటారు. ‘పురుగును చంపే మందే కదా, నాలుగు చుక్కలు నీళ్లలో కలిపి రుద్దితే పోలా?’ అనిపించడం సహజం. ముప్పంతా అక్కడే ఉంది. పిడుదుతోపాటు పాడిగేదె కూడా పోవచ్చు.

మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి మందులు తోలు గుండా ఒంట్లోకి ఇంకుతాయి. పశువు ఒళ్లు నాక్కుంటే కడుపులోకీ పోతాయి. కాసేపటికి నోటి వెంట చొంగ, కంట నీరు, పారుడు, ఒణుకు మొదలై ఊపిరాడక పడిపోతుంది. ఇలా జరిగితే వెంటనే సబ్బునీళ్లతో ఒళ్లంతా కడిగి, పశువైద్యుణ్ణి పిలవాలి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఏ మందు రుద్దారో దాచకుండా చెప్పి, డబ్బా చూపించాలి. దాన్నిబట్టే విరుగుడు ఇంజక్షను వేస్తారు. రుద్దిన మనిషి కూడా ఒళ్లు కడుక్కోవాలి. కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాలి.

పశువుల మందుల్లోనూ సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ ఉంటాయిగా అని అడిగే రైతులున్నారు. పేరు ఒకటే, నిజమే. కానీ పైరుకు వాడే సైపర్‌మెత్రిన్ 10 శాతంలోనూ, 25 శాతంలోనూ దొరుకుతుంది. అందులో కలిపే ద్రావకాలు ఆకుకు ఉద్దేశించినవి, తోలుకు కాదు. పైగా మనవాళ్లకు సీసా మూతే కొలత! పొలంలో వాడిన పంపు ఎంత కడిగినా పాత మందు మిగులుతుంది కాబట్టి దాంతో కూడా పశువులకు కొట్టరాదు. వెనకటి రోజుల్లో గమాక్సిన్ పొడి చల్లేవారు. దాన్ని 1997లోనే నిషేధించారు.

పిడుదులే కదా అని వదిలేయడమూ తప్పే. కడుపు నిండిన ఒక్కో ఆడ పిడుదు సుమారు అర మిల్లీలీటరు రక్తం తాగుతుంది. వందలు పడితే గొడ్డు ఎండిపోతుంది, పాలు తగ్గుతాయి. అంతకు మించినది జబ్బుల బెడద. సంకరజాతి ఆవులకు వీటివల్ల థైలీరియాసిస్ వస్తుంది. 104 నుంచి 106 డిగ్రీల జ్వరం, జబ్బ ముందు బిళ్లలు వాయడం, కనురెప్ప లోపల తెల్లగా పాలిపోవడం దాని గుర్తులు. మొదట్లోనే బుపార్వాక్వోన్ ఇంజక్షను వేయిస్తే చాలావరకు దక్కుతుంది. నాటువైద్యంతో నాలుగు రోజులు గడిపితే కష్టం. మూత్రం కాఫీ రంగులో పోస్తుంటే అది బెబీసియోసిస్ కావచ్చు. మన ఒంగోలు జాతి పిడుదులకు కొంత తట్టుకుంటుంది గానీ, జెర్సీ, హెచ్.ఎఫ్. సంకరాలకు ఆ శక్తి తక్కువ. థైలీరియాకు హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారు తయారుచేసిన టీకా ఉంది. సంకర ఆవులున్నవారు దాని గురించి డాక్టరును అడగాలి.

మరి ఏం వాడాలి?

పశువుల కోసమే తయారైన 12.5 శాతం అమిట్రాజ్ ద్రావణాన్ని లీటరు నీటికి 2 మి.లీ. వంతున కలిపి ఒళ్లంతా తడిసేలా పట్టించవచ్చు. ఏ మందైనా సీసా మీది మోతాదు చదివి, డాక్టరును అడిగి వాడాలి. ముందు కడుపునిండా నీళ్లు తాపి, మూతికి చిక్కం కట్టి, చల్లటి పూట కొట్టాలి. ఒళ్లు ఆరేదాకా చిక్కం విప్పొద్దు. లేగదూడలకు, జబ్బుపడ్డవాటికి సొంతంగా కొట్టొద్దు. పాలు పిండేముందు పొదుగు బాగా కడగాలి. ఐవర్‌మెక్టిన్ ఇంజక్షను పాలిచ్చే పశువులకు పనికిరాదు. మిగిలిన మందునీళ్లు చెరువులో, కాలువలో పోస్తే చేపలు చస్తాయి.

ఒక్కసారి కొట్టి ఊరుకుంటే లాభం లేదు. కడుపు నిండిన పిడుదు రాలిపడి, గోడ పగుళ్లలో, గాడి కింద, పేడదిబ్బ పక్కన వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అంటే శత్రువు ఎక్కువగా ఉండేది సావిడిలోనే, గొడ్డు మీద కాదు. పగుళ్లు పూడ్చి, సున్నం కొట్టి, పాత చెత్తగడ్డి తీసి కాల్చాలి. గోడలకూ, నేలకూ మందు పట్టించాలి, మేత మీద పడనీయొద్దు. గుడ్ల నుంచి కొత్తవి పుడతాయి గనుక 15 రోజులకు మళ్లీ చూసుకోవాలి. సంతలో కొన్న గొడ్డును తెచ్చీ తేగానే మందలో కలపకుండా వేరుగా కట్టేసి, పిడుదులు పోయాకే కలపాలి.

కల్లం కాసే కుక్కకు పట్టేది వేరే జాతి పిడుదు. అదీ ఇంటి గోడల్లోనే కాపురం ఉంటుంది. కుక్కకు జ్వరం వచ్చి ముక్కు వెంట రక్తం కారుతుంటే వెంటనే చూపించాలి. కుక్కల మందును పిల్లికి వాడితే పిల్లి చస్తుంది.

బీడీతో కాల్చడం, కిరసనాయిలు పోయడం మానాలి. చిన్న పట్టకారుతో తోలు దగ్గర తల పట్టుకుని నిదానంగా పైకి లాగి, అయోడిన్ రాయాలి. తీసినదాన్ని వేళ్లతో నలపకుండా కిరసనాయిలు డబ్బాలో వేయాలి. మనిషికి పట్టినా తీసే పద్ధతి ఇదే. తర్వాత జ్వరం వస్తే, పిడుదు పట్టిన సంగతి డాక్టరుకు చెప్పాలి.