సంఘపు వెబ్‌సైటు: ఫైళ్ల తావు, తాళపుచెవులు

ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి మార్చుటకై 2022 జూనులో కేంద్రప్రభుత్వము 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. అది 63,000 సంఘముల కుద్దేశింపబడినది. అది యటుండగా, స్వంత వెబ్‌సైటును బెట్టుకొనిన సంఘములును గలవు. ఎరువుల ధరలు, విత్తనముల రాక, మహాజనసభ నోటీసు సభ్యుని చేతిలోని ఫోనునకు జేరుట మంచిదే. కాని ఆ వెబ్‌సైటులోనికి ఫైళ్లను జేర్చు ఎడిటరు నమర్చునపుడు, ఫైలు ఎక్కడ నుండవలెను, దాని నెవరు ముట్టవచ్చును అను రెండు సంగతులను పాలకవర్గమువారు తాము విచారింపక, అది కంప్యూటరు కుఱ్ఱవాని పనియని విడిచిపెట్టుట మాకు సమ్మతము గాదు.

ఉదాహరణమునకు సీకేఎడిటరు అను వ్రాతపరికరముతో గూడి పనిచేయు సీకేఫైండరును దీసికొందము. దీని యేర్పాటులు కాన్ఫిగ్ అను ఒక ఫైలులో నుండును. అందు బేస్ యూఆరెల్ అనునది, చూచువాని బ్రౌజరు మన ఫోల్డరును జేరు దారి. రూట్ అనునది, సర్వరు డిస్కులో ఆ ఫోల్డరు నిజముగా నున్న చోటు. రూటును మనము వ్రాయకున్నచో పరికరమే యూహించుకొనును. ఆ యూహ తప్పినపుడు మనము వ్రాయవలెను. పొలము వేఱు, పొలమునకు బోవు డొంక వేఱు గదా! ఇవి రెండును పొసగనిచో ఫైలు డిస్కులో భద్రముగనే చేరును గాని, పుటలో బొమ్మ యుండవలసిన చోట ఖాళీచట్రము కనబడును. బొమ్మ పాడైనదని దానినే మరల మరల నెక్కించువారు గలరు. దోషము దారిది.

ఇంకొక చిక్కు. విండోసు కంప్యూటరులో ఇంగ్లీషు పెద్దక్షరమునకును చిన్నక్షరమునకును సాధారణముగా భేదము లేదు. లినక్సు సర్వరులో గలదు. అందుచే ఆఫీసులో చక్కగా నడచిన దారి సర్వరుపై నడవకపోవచ్చును. ఫోల్డరుల పేర్లన్నియు చిన్నక్షరములతో, నడుమ ఖాళీలు లేక వ్రాయుట మేలు. తెలుగు పేరు పెట్టుట నేరము గాదు గాని, వెబ్ చిరునామాలో ఒక్కొక్క తెలుగు లిపిచిహ్నము తొమ్మిది గుర్తులుగా బెరుగును. దానిని వాట్సాపులో బంపినచో చదువు దిక్కుండదు.

ఇక తాళము సంగతి. సీకేఫైండరు మన చేతికి వచ్చునపుడు ఆథెంటికేషన్ అను చోట ఫాల్స్ అని యుండును. అనగా నెవరిని లోనికి రానీయదు. తెరచుకొనుట లేదని విసిగి దానిని ట్రూ అని మార్చినచో వెంటనే తెరచుకొనును. సంఘమునకే గాదు, లోకమున కెల్ల తెరచుకొనును. దారిని బోవువాడు మీ ఫోల్డరులో తన ఫైలు పెట్టవచ్చును, మీ ఫైలు తీసివేయవచ్చును. తయారుచేసినవారే యిట్లు చేయవలదని హెచ్చరించియున్నారు. లాగినైనవాడు ఎవడో పరీక్షించు నియమ మచట వ్రాయవలెను.

లోనికి వచ్చినవారందఱకు సమానాధికార మక్కఱలేదు. ఏ హోదావారు ఏ ఫోల్డరులో ఫైళ్లను చూడవచ్చునో, ఎక్కింపవచ్చునో, తొలగింపవచ్చునో యాక్సెస్ కంట్రోల్ అను భాగములో వేర్వేరుగ వ్రాయవచ్చును. పై ఫోల్డరునకు వ్రాసిన నియమము లోపలివానికిని దిగును. ధరల పట్టీ నెక్కించు గుమాస్తాకు నోటీసుల ఫోల్డరులో తొలగించు హక్కేల? సభ నోటీసు గడువులోపల ప్రకటింపబడినదా యని తగవు వచ్చిననాడు ఆ ఫైలు మాయమైనచో సంఘము దేనిని జూపును? ఈ హక్కును ఇద్దఱికి మించి యీయరాదని మా యభిప్రాయము.

ముఖ్యమైన దింకను గలదు. ఈ నియమములన్నియు ఫైండరు తలుపునకే. ఫోల్డరు వెబ్‌సైటు దారిలో నున్నంతవఱకు, ఫైలు చిరునామా తెలిసినవాడు ఫైండరు మొగము చూడకయే బ్రౌజరులో దానిని తెరువగలడు. బకాయిదారుల జాబితాను ఆధారు సంఖ్యలతో, బ్యాంకు ఖాతాలతో పాలకవర్గపు ఫోల్డరులో నుంచినా రనుకొందము. గుమాస్తాకు ఫైండరులో నది కనబడదు. అందఱు నిశ్చింతగా నుందురు. చిరునామా ఒక్కసారి చేతులు మారినదా, పంట పోయి వాయిదా తప్పిన రైతు అప్పు ఊరంతకు దెలియును. ఖాతా సంఖ్యలు మోసగాండ్ర చేతబడును. అట్టి ఫైళ్లు వెబ్‌సైటు ఫోల్డరునకు వెలుపల నుండవలెను. అసలెక్కింపకుండుటయే మేలని మే మందుము.

లినక్సు సర్వరులో సాధారణముగా ఫోల్డరునకు 755, ఫైలునకు 644 అను అనుమతి చాలును. ఎక్కింపు కుదరలేదని 777 చేయువారు గలరు; అది గాదె మూత తీసి కళ్లమున వదలుట వంటిది. ఫోల్డరు వెబ్ సర్వరు పేరిట నున్నదో లేదో ముందు చూడవలెను.

పరీక్ష సులభము. ఎక్కించిన ఫైలు చిరునామాను, లాగిన్ కాని వేఱొక ఫోనులో తెరచి చూడుడు. గుమాస్తా మారినచో నాడే యతని లాగిన్ తీసివేయించి, బీరువా తాళపుచెవుల యప్పగింత రసీదులోనే ఆ సంగతియు వ్రాయించుకొనుడు.